రెండు పొరల అద్దం

పోయిన ఆషాఢంలో ఓబులేసు గాలి మీద పగబట్టినాడు. అనంతపురం పక్క ఆ నెలలో గాలి వీయని పూట ఉండదు. దండెం మీద బట్టలు ఆరకముందే ఎగిరిపోయి పక్కింటి మిద్దె మీద పడతాయి. వాకిట్లో ఊడ్చిన దుమ్ము మళ్ళా ఇంట్లోకే వస్తుంది. అవన్నీ పుట్టినప్పటి నుంచీ ఎరిగినవే. అతని కోపమల్లా ఆ గాలి కారులో దూరి, తన పెండ్లాం చెప్పిన మాటను ఎత్తుకుపోయిందని.

గుంతకల్లు డివిజన్లో గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మనిషి ఓబులేసు. బొగ్గు, సిమెంటు, ఇనుప రాయి లాక్కుంటూ రాయచూరు దాకా, ధర్మవరం దాకా, ఒక్కోసారి రేణిగుంట దాకా పోయేవాడు. ఎండకు ఇంజను లోపల నిప్పుల కొలిమిలా ఉండేది కాబట్టి కిటికీలు తెరిచే ఉంచేవాళ్ళు. ఆ మోత అంతా చెవుల్లో పడేది. ఇంటికి వచ్చేసరికి ఒంట్లో శక్తి ఉండేది కాదు. కాళ్ళు కడుక్కొని, పెట్టింది తిని, పడుకునేవాడు. మెలకువ వచ్చేసరికి మళ్ళా డ్యూటీకి పిలుపు.

వనజాక్షి మాటకారి. రైల్వే క్వార్టర్సులో ఆమె నవ్వితే వీధి మొగదలకు వినపడేది. మొగుడి దగ్గర మాత్రం మాటలు దాచిపెట్టుకునేది.

"ఇప్పుడొద్దులే, నిద్దరపో. నువ్వు రిటైరైనాక కూచోబెట్టి చెప్తా. చెప్పేటియి శానా ఉండాయి," అనేది.

ఆ దినం రానే వచ్చింది. బుక్కరాయసముద్రంలో ఇల్లు కట్టుకున్నారు. కూతురు నిఖిత బళ్ళారిలో కాపురం చేసుకుంటా ఉంది. ఓబులేసు ఒక పాత కారు కొన్నాడు. ఇంట్లో టీవీ, ఫ్యాను, గోడకు గోడ ఆనుకున్న పక్కిల్లు. కారులో అయితే ఇద్దరే. వనజాక్షికి అది బాగా నచ్చింది. "ఎదురెదురుగా కూచుంటే నోరు రాని మాటలు గూడా ఈడ చెప్పచ్చు. ఇద్దరమూ రోడ్డునే చూస్తాంటాం గదా," అన్నది ఒకసారి.

ఆషాఢంలో ఒక పొద్దున, ఓబులేసుతో పనిచేసిన ఆదెన్న కొత్త ఇల్లు కట్టుకున్నాడని గుంతకల్లుకు బయలుదేరినారు. దారిలో పామిడి వస్తుంది. అది వనజాక్షి పుట్టినూరు. ఊరి దగ్గర పెన్న మీది వంతెన ఎక్కేసరికి గాలి కారును ఒక పక్కకు నూకింది. ఓబులేసు స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. అద్దాల సందుల్లోంచి బుస్సుమని ఒకటే చప్పుడు. ఆ చప్పుట్లో వనజాక్షి ఏందో చెప్తా ఉన్నట్టు ఓరగా కనపడింది. మామూలుగా ఆమె చేతులు తిప్పుతా మాట్లాడుతుంది. ఆ రోజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని, వంతెన దిగి చాలా దూరం పోయేదాకా చెప్పింది. ఓబులేసుకు ఒక్క ముక్క అందలేదు. అందనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసినాడు. తలూపి, "ఊఁ, బాగానే ఉంటుందిలే," అన్నాడు.

వనజాక్షి అతని పక్క తిరిగి అట్లే చూసింది.

"ఏంది బాగుండేది?"

అది అరిచి అన్నది కాబట్టి వినపడింది.

"నువ్వు చెప్పిందే."

"నేనేం చెప్తిని?"

ఓబులేసు అద్దం పక్క చెయ్యి చూపించినాడు. "గాలి, వనజా. వినపళ్ళా. ఇంగోసారి చెప్పు," అన్నాడు.

ఆమె కొంగుతో మొగం తుడుచుకొని కిటికీ పక్క తిరిగింది. ఆదెన్న ఇంట్లో ఆమె అన్నం ముట్టలేదు. తిరిగొచ్చినాక ఎన్నిసార్లడిగినా ఒకటే జవాబు. "అది ఒకసారి చెప్పే మాట. చెప్పేసినా. వదిలెయ్."

ఓబులేసు వదల్లేదు. ఏం చెప్పిందో తెలియదు గానీ, ఏదో పెద్దదే చెప్పిందని ఆమె మొగమే చెప్పింది. కారులో చప్పుడు లేకుంటే మళ్ళీ చెప్తుందని అతని ఆశ. మెకానిక్కును అడిగితే, "పాత బండి అన్నా, అంతే ఉంటాది. పాట పెట్టుకో," అని నవ్వినాడు. ఓబులేసు ఇంటికొచ్చి ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టినాడు. అద్దాల్లో రెండు రకాలని అందులో తెలిసింది. మామూలు కార్లకు ఒంటి అద్దం. ఖరీదు బండ్లకు రెండు పొరల అద్దం, నడుమ పల్చటి పొర అతికించి ఉంటుంది. గాలి మోతను ఆ నడిమి పొర మింగేస్తుందంట.

గుత్తి రోడ్డులో శ్రీనివాసులుదని ఒక గుజిరీ అంగడి ఉంది. యాక్సిడెంటు బండ్లను విప్పి సామాన్లు అమ్ముతాడు. ఓబులేసు కారు మోడల్లోనే పై రకం బండి ఒకటి అక్కడికి వచ్చింది. ముందు భాగం నుజ్జయింది గానీ ముందు తలుపుల అద్దాలు చెక్కుచెదరలేదు. ఓబులేసు వాటిని పాత దుప్పట్లో చుట్టుకొని తెచ్చినాడు, కొత్త రబ్బర్లు కూడా కొన్నాడు.

పని మొదలుపెట్టినాక తెలిసింది, వీడియోలో చూసినంత సులువు కాదని. తలుపు లోపలి ప్యాడు ఊడదీసేటప్పుడు రెండు క్లిప్పులు విరిగినాయి. దాని వెనక ప్లాస్టిక్ కాగితం జిగురుతో అతుక్కొని ఉంది. దాన్ని ఒలిచి, అద్దాన్ని సగానికి దించితే, అద్దాన్ని ఎత్తి దించే మిషన్ బోల్టులు కనపడినాయి. అవి విప్పి పాత అద్దాన్ని వాలుగా పైకి లాగబోతే, చెయ్యి జారి అది తలుపు అడుక్కు పడిపోయింది. దాన్ని బయటికి తీసేసరికి రేకు అంచు అరచేతిని కోసింది. వనజాక్షి చూసి పసుపు తెచ్చి అద్దింది.

"ఎందుకప్పా నీకీ పని? ఎవురన్నా నవ్వుతారు."

"నవ్వనీ. ఈ పక్క నిలబడి అద్దం పట్టుకో."

కొత్త అద్దం మందం ఎక్కువ. రబ్బరు గాడిలో బిగుసుకుపోతా ఉంది. ఆమె బయట నిలబడి రెండు చేతులతో అద్దాన్ని ఎత్తి పట్టుకుంటే, ఓబులేసు లోపల సీటులో వంగి బోల్టులు బిగించినాడు. అద్దం అవతల వనజాక్షి మొగం, కొంచెం ఆకుపచ్చగా. ఏందో అంటా ఉంది. అతను తలెత్తి, "ఆఁ?" అన్నాడు. ఆమె మళ్ళా అనలేదు. అయినా ఆ పని చేసిన రోజుల్లో ఇద్దరూ చాన్నాళ్ళకు ఒక పని కలిసి చేసినట్టయింది. రెండో తలుపు అయిపోయినప్పుడు ఆమె అద్దాన్ని కొంగుతో తుడిచి, వెనక్కి జరిగి చూసింది కూడా.

మరుసటి ఆదివారం లేపాక్షి పోదామన్నాడు. హైవే ఎక్కి, రాప్తాడు దాటి, బండి వేగం పెంచినాడు. వనజాక్షి చుట్టూ చూసింది. వెనక్కి తిరిగి చూసింది. మొగం విప్పారింది.

"అబ్బా! ఎంత నిమ్మళంగా ఉండాదో. ఇంట్లో కూచున్నట్టుండాది," అని అతని చెయ్యి తట్టి గట్టిగా అన్నది.

ఓబులేసు నవ్వబోయి ఆగినాడు. అతనికి నిమ్మళంగా లేదు. బుస్సుమనే చప్పుడు అట్లే ఉంది, సన్నగా, తెగకుండా. ఎక్కడో సందు మిగిలిపోయిందేమో అనుకున్నాడు. పెనుకొండ దాటినాక బండి పక్కకు తీసి నిలిపినాడు. చప్పుడు పోలేదు. ఇంజను ఆపినాడు. చప్పుడు పోలేదు. అద్దాలెక్కించే ఉన్నాయి, చెట్లు కూడా కదలడం లేదు. అరచేతులతో రెండు చెవులూ మూసుకున్నాడు. చప్పుడు ఇంకా పెద్దదైంది.

"ఏమాయె?" అని వనజాక్షి పెదవులు కదిలినాయి.

"ఏం లేదు. కొంచెం సేపు నిలుద్దాం," అన్నాడు.

లేపాక్షిలో రాతి నంది ముందర జనాలు ఫోటోలు దిగుతా ఉన్నారు. ఓబులేసు ఒక పక్కన కూర్చొని, పిల్లలు కేకలేస్తా పరిగెత్తడం చూసినాడు. ఆ కేకల్లో కొన్ని తన దాకా రావడంలేదని ఇప్పుడు తెలుస్తా ఉంది. ఇంట్లో ఫ్యాను చప్పుడనుకున్నది ఫ్యానుది కాదు. మిద్దె మీద గాలి అనుకున్నది గాలి కాదు. ఎన్నేళ్ళుగానో తెలియదు.

ఆమెకు చెప్పకుండా అనంతపురంలో చెవి డాక్టరు దగ్గరికి పోయినాడు. డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, కాగితం మీద గీత చూపించినాడు. ఇంజన్ల మోతకు చెవి నరం పాడైందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కూడా మెల్లగా తగ్గుతుందని చెప్పినాడు. మిషను పెట్టుకుంటే కొంత మేలన్నాడు. ఆ చప్పుడు పోతుందా అని ఓబులేసు అడిగినాడు. "దానికి అలవాటు పడాల," అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి, వంటింటి గడపలో నిలబడి ఓబులేసు చెప్పేసినాడు.

"తప్పు గాలిది కాదు వనజా. అద్దాలదీ కాదు. నా చెవులు పోయినాయి."

ఆమె గరిటె పక్కన పెట్టింది. కోపం చేస్తుందేమో అనుకున్నాడు. ఆమె వచ్చి అతని చెవి మీద చెయ్యి పెట్టి, ఏదో గాయం తడిమినట్టు తడిమింది.

"అయితే ఆ దినం నువ్వు పరాకుగా లేవు," అన్నది, అతనికి వినపడేట్టు.

"లేను. ఆ మాట ఇప్పుడు చెప్పు."

వనజాక్షి దగ్గరికి జరిగి మెల్లగా మొదలుపెట్టింది. ఓబులేసు ఆమె పెదవుల మీదే కళ్ళు పెట్టినాడు. అందలేదు. "గట్టిగా," అన్నాడు. ఆమె గోడ పక్క చూసింది. గోడ అవతల పక్కింటి తిప్పమ్మ అంట్లు తోముతా ఉంది.

"ఇది అరిచి చెప్పే మాట కాదప్పా," అని పొయ్యి దగ్గరికి పోయింది.

తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఓబులేసు చెవికి మిషను పెట్టుకున్నాడు. దాంట్లో గిన్నెల చప్పుడు పిడుగు పడినట్టు, మనిషి మాట డబ్బాలో నుంచి వచ్చినట్టు వినపడేది. వనజాక్షి మాటలు తగ్గించింది. అన్నానికి రా, తలుపెయ్యి, అంతే. ఒకప్పుడు అంత మాట్లాడిన మనిషి పొడిపొడిగా రెండు ముక్కలు అరిచి ఊరుకుంటా ఉంటే ఓబులేసుకు ఇల్లు ఇల్లుగా అనిపించలేదు.

ఒక సాయంత్రం ఆమే కారు తాళం తెచ్చి అతని చేతిలో పెట్టింది. "పద."

ఊరు దాటి, వానల్లేక ఎండిపోయిన ఒక వేరుశనగ చేను పక్కన నిలపమన్నది. ఇంజను ఆపమన్నది. అద్దాలన్నీ ఎక్కించమన్నది. ఓబులేసు చెప్పినట్టే చేసినాడు. వనజాక్షి అతని తలను రెండు చేతులతో పట్టి తన పక్క తిప్పుకొని, గొంతు చీలేటట్టు అరిచింది.

"వాడు ఏడ్చినాడు!"

"ఎవురు?"

"మన పిల్లోడు! నిఖితకు ముందు పుట్టినోడు! కడుపులో పోలేదు వాడు. పుట్టినాడు, ఏడ్చినాడు, నా పాలు తాగినాడు. పొద్దు గుంకేదాకా బతికినాడు!"

ఓబులేసు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఆ కాన్పు పామిడిలో, ఆమె పుట్టింట్లో. అతను రాయచూరు లైనులో ఉన్నాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డ కడుపులోనే పోయినాడని వనజాక్షి అన్న చెప్పినాడు. ఇన్నేళ్ళూ అతను అదే నమ్మినాడు.

"నాకెవురూ చెప్పలే," అన్నాడు.

"నేనే వద్దన్యా! నువ్వు బండి ఇడిసి రాలేవు. వచ్చినా వాడు దొరకడు. పుట్టనే లేదనుకుంటే నీకు నొప్పి తక్కువుంటాదని మా యన్నతో అట్ల చెప్పిస్తి. నాకే తెలీకపాయ, ఒక్కదాన్నే మొయ్యడం ఇంత కష్టమని!"

గొర్రెలను తోలుకుపోయే మనిషొకడు కారు పక్కన ఆగి, లోపల మొగుడూ పెండ్లాం కొట్లాడుకుంటున్నారనుకున్నాడేమో, తల తిప్పుకొని పోయినాడు. బయటికి ఒక్క మాట పోలేదు.

"పేరేమన్నా పెట్టినారా?" ఓబులేసు అడిగినాడు.

ఆమెకు అరిచే శక్తి అయిపోయింది. అతని చెవి దగ్గర మిషను మీద నోరు పెట్టి చెప్పింది. "నేను పెట్టుకున్యా. దివాకర్ అని."

ఓబులేసు ఆ పేరును రెండుసార్లు పలికినాడు. సరిగ్గా విన్నాడో లేదోనని ఆమె మొగం చూసినాడు. ఆమె తలూపింది. అప్పుడు ఏడుపు వచ్చింది అతనికి, పెద్దగా, సిగ్గు లేకుండా. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో తనకే తెలియలేదు. వనజాక్షి అతని వీపు నిమురుతా కూర్చుంది.

తర్వాత వారంలో పామిడికి పోయినారు. బిడ్డను పూడ్చింది పెన్న ఒడ్డున, తుమ్మచెట్ల కింద. పూడ్చిన అన్న ఇప్పుడు లేడు. అతను ఒకసారి చూపించిన చోటు వనజాక్షికి గుర్తుంది. ఒడ్డు మీద అటూ ఇటూ నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్ళా నడిచింది. తుమ్మచెట్లు లేవు. ఇసుక కోసం తవ్వుకుపోయిన గుంతలు, ఒకదాని పక్కన ఒకటి, మనిషి లోతున ఉన్నాయి. వాటిలో ఏదని చూపించగలదు?

గాలికి ఓబులేసు చెవి మిషను గీపెట్టింది. తీసి జేబులో వేసుకున్నాడు. వనజాక్షి ఒక గుంత అంచున నిలబడి కిందికి చూస్తా ఉంది. ఆమె పెదవులు కదిలినాయి. ఆ మాట తనకు కాదని అర్థమై, ఏమన్నావని అడగలేదు.

ఇసుక ట్రాక్టరు ఒకటి వచ్చి దారి కోసం హారన్ కొట్టింది. వనజాక్షి అతని చెయ్యి పట్టి పక్కకు లాగింది. ఇద్దరూ చెప్పులు దులుపుకొని కారు దగ్గరికి నడిచినారు. వంతెన మీద ఓబులేసు బండిని నెమ్మది చేసినాడు. ఆమె నది పక్క చూడలేదు. పోనీ అన్నట్టు చెయ్యి ఊపింది.