ఉలమిలా పేరు మీద

ఉలమిలా చేతికి ఎముక లేదని కడావు దీవి అంతా అనుకుంటారు. కొండవాలు మీద యంగోనా మొక్కలు వేస్తుంది, దంచి నీళ్లలో కలుపుకుని తాగే వాటి వేళ్లు తవ్వి ఎండబెట్టి అమ్ముతుంది. అయినవాళ్లెవరైనా వచ్చి "కెరెకెరె" అంటే చాలు, ఉప్పు దగ్గర్నుంచి పడవ మోటారు దాకా తీసి ఇచ్చేస్తుంది. అలా అడిగితే లేదనడం ఆ దీవిలో ఎవరూ చెయ్యరనుకోండి. కాకపోతే మిగతావాళ్లు లోపల తిట్టుకుంటూ ఇస్తారు, ఈవిడ నవ్వుతూ ఇస్తుంది.

రెండు ఫోన్లు అలాగే పోయాయి. మొదటిది మొగుడి మేనత్త పట్టుకుపోయింది. రెండోదాన్ని మరిది వైసాలే రెండ్రోజుల్లో తెస్తానని తీసుకెళ్లి, సముద్రంలో పడేసుకుని ఉత్త చేతులతో వచ్చాడు. ఆ మహానుభావుడికి ఆ పూట కొబ్బరిపాల చేపలకూర కూడా వండిపెట్టింది. నేనైతే గరిటె తిరగేసేదాన్ని.

ఫోను పోతే పోయింది, దాంతోపాటు చెల్లెలు పోయింది. లొసానాకి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. బడి ముఖం చూడలేదు, అక్షరం రాదు. సువా పట్నంలో బట్టలు కుడుతూ ఒంటరిగా ఉంటుంది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లు కల్పించుకున్న సైగలే వాళ్ల భాష. ఫోనులో ఒకరికొకరు కనపడితేనే కబురు, లేకపోతే లేదు. రెండో ఫోను పోయాక నెలల తరబడి కబురు లేదు. చివరికి పక్కూరి టీచరమ్మని బతిమాలి ఆవిడ ఫోనులో చూస్తే, లొసానా కుడిచేతికి కట్టు! మెట్ల మీంచి పడిందట. ఎడంచేత్తోనే తంటాలు పడుతూ అడిగింది: "నా మీద కోపం వచ్చిందా అక్కా? నేనేం చేశాను?" ఆ రోజు ఉలమిలా ముద్ద ముట్టలేదు.

పంట చేతికి రాగానే వునిసేయా ఊళ్లో కొట్టుకెళ్లి కొత్త ఫోను కొంది. కొట్లో పనిచేసే సెరువాయా అనే అమ్మాయి దాన్ని తెరుస్తూ సగంలో ఆగింది.

"ఫోను చేసిన కంపెనీ దగ్గర ఖాతా తెరవమంటోంది పిన్నీ. అందరూ 'తర్వాత' అని నొక్కేస్తారు. నొక్కేయనా?"

"తెరిస్తే ఏమవుతుంది?"

"ఫోను నీ పేరు మీద ఉంటుంది. ఎవరు పట్టుకుపోయినా, మొత్తం చెరిపేసినా, నీ పాస్‌వర్డ్ చెప్పందే పనిచెయ్యదు."

"మా మరిది పట్టుకుపోయినా?"

"మీ పాస్టరుగారు పట్టుకుపోయినా అంతే!"

పక్కనే ఉన్న మొగుడు అపెనీసాకి ఇది రుచించలేదు. "ఎక్కడో ఉన్న కంపెనీవాడికి నీ పేరూ పుట్టినరోజూ ఎందుకే? అయినా ఇది తాళం వెయ్యడమే కదా. మన ఊళ్లో ఎవరి తలుపుకి తాళం ఉంది? రేపు నలుగురిలో నాకు ముఖం చెల్లుతుందా?"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా ఉలమిలా మొగుడి వైపు తిరిగింది. "చెల్లకపోతే పోనీవయ్యా. తలుపుకి వెయ్యట్లేదు కదా! రాయమ్మా సెరువాయా, నా పేరే రాయి."

కొత్త ఫోను వచ్చిందని ఊరికి తెలియడం ఎంతసేపు? మర్నాడే వైసాలే దిగాడు. "ఏం వదినా, ఈ ముసలి వేళ్లతో అంత పెద్ద ఫోను మోస్తున్నావా? అయ్యో పాపం! కెరెకెరె, నాకివ్వు. రగ్బీ చూడాలి."

"నీ పళ్లూడగొట్టే వేళ్లురా ఇవి!" అని నవ్వుతూనే ఇచ్చేసింది. పుట్టినప్పట్నుంచీ ఇచ్చిన చెయ్యి, ఒక్కరోజులో ఆగుతుందా? అతను వెళ్లాక తన చేతిని తనే కొరుక్కోవాలన్నంత కోపం వచ్చింది.

మర్నాడు సాయంత్రం పెద్దలంతా యంగోనా గిన్నె చుట్టూ చేరారు. ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. వైసాలే ఫోను పట్టుకుని అందరి ముందుకీ వచ్చాడు. "మొత్తం చెరిపేసినా ఇది నీ పేరు చెప్పి పాస్‌వర్డ్ అడుగుతోంది వదినా. ఏంటది?"

కంపెనీవాడు చెయ్యగలిగింది అంతవరకే. మిగతాది ఆమె నోటితోనే కావాలి. అపెనీసా తల దించుకున్నాడు.

"చెప్పను," అంది.

"వేళాకోళాలు చాల్లే, చెప్పు వదినా."

"వేళాకోళం కాదు. అది మా చెల్లెలి నోరురా. ఇంకేదైనా అడుగు, ఇస్తాను. అది ఇవ్వను."

గిన్నెలో చిప్ప ముంచిన చెయ్యి ముంచినట్టే ఉండిపోయింది. వైసాలే ఫోను చాప మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను ఆమెని ఆటపట్టించడం మానేశాడు. ఎదురైతే, "బాగున్నారా వదినగారూ" అని మర్యాదగా పక్కకి తప్పుకుంటాడు. ఆ 'గారు' విన్నప్పుడల్లా ఉలమిలాకి అతని పాత వేళాకోళం గుర్తొచ్చేది. అయినా పట్టు వదల్లేదు. తర్వాత ఇద్దరొచ్చి అడిగారు, వాళ్లకీ అదే జవాబు.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే గుమ్మంలో కూర్చుని ఫోను తెరిచింది. లొసానా కుడిచెయ్యి బాగయింది. అక్క ముఖం చూడగానే, "ఏమైంది?" అని అడిగింది. ఉలమిలా జరిగిందంతా చేతులతో చెప్పింది.

లొసానా నమ్మలేదు. "నువ్వా? ఇవ్వనన్నావా? మీవాళ్లకా?"

"అన్నాను."

లొసానా చేతులు నెమ్మదిగా లేచాయి. "నా కోసమా?"

"నీ కోసమే," అంది ఉలమిలా.