ఒకే చెట్టుకు మూడు కెమెరాలు

మూడు కెమెరాలనూ ఒకే చెట్టుకు కట్టాను. అలా కడితేనే పోలిక న్యాయంగా ఉంటుందని నా పట్టుదల. నోవై అనే ఊళ్లో కార్ల సెన్సర్లు టెస్ట్ చేసే ఉద్యోగం నాది. జింకలు తిరిగే దారిలో కడితే, ఏదైనా కదిలినప్పుడు దానంతటదే ఫొటో తీసే ఈ డబ్బా కూడా సెన్సరే కదా, ఇందులో నాకు తెలియనిదేముంది అనుకున్నాను.

వేట సరదా నాది కాదు, మా అమ్మాయిది. పదిహేడేళ్లు దానికి. స్నేహితురాలి ఇంట్లో అందరూ వేటకు వెళ్తారు. వాళ్లను చూసి ఇదీ వేటగాళ్ల సేఫ్టీ క్లాస్ పాసై, నన్నూ కూర్చోబెట్టి పాస్ చేయించింది. "నా ఫస్ట్ డీర్ నీతోనే నాన్నా. నెక్స్ట్ ఇయర్ నేను కాలేజ్‌లో ఉంటా కదా," అంది. అంటే జింకల వేట సీజన్ వచ్చే నవంబరు మాకు ఈ ఒక్కటే. ఆ మాటకు పొంగిపోయాను. పొంగిపోయి నేను చేసిన పని, రాత్రీ పగలూ కెమెరాల రివ్యూలు చదవడం.

మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయనకు గంట దూరంలో కొంత అడవి ఉంది. "వచ్చి ఊరికే కూర్చోండి, చాలు," అన్నాడు. ఊరికే కూర్చోవడం నాకు ఎప్పుడు చేతనైంది గనక!

చవక కెమెరా గడ్డి ఊగినా ఫొటో తీసేది. వారానికి వందల కొద్దీ గడ్డి ఫొటోలు. మధ్యరకంది తీరిగ్గా మేలుకునేది, దానికి తోకలే తప్ప తలలు దొరికేవి కావు. ఖరీదైనది ఫొటోలు నా ఫోన్‌కి పంపాలి. చలికి బ్యాటరీ చచ్చిపోయేది, బ్యాటరీ బతికుంటే సిగ్నల్ ఉండేది కాదు. దాన్ని పీకి ఆ చెట్టుకేసే కొట్టాలనిపించేది. అక్టోబరంతా ప్రతి శనివారం పొద్దున్నే వెళ్లి, మెమరీ కార్డులు మార్చి, ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్ నింపేవాణ్ణి. కార్లో పక్క సీట్లో అమ్మాయి.

"ఇవాళ కాసేపు కూర్చుందామా నాన్నా? జస్ట్ ప్రాక్టీస్."

"ముందు డేటా రానీ."

ఆ డేటాలో ఒక వింత ఉంది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మూడు కెమెరాల్లోనూ జింకలు కనిపించేవి. శనివారం నుంచి మూడు రోజులు ఒక్కటీ ఉండేది కాదు. మూడు కెమెరాలూ ఒకేసారి ఫెయిలవుతున్నాయని తేల్చాను. రెండింటిని తిప్పి పంపేసి కొత్తవి తెప్పించాను, కస్టమర్ సర్వీస్‌తో గొంతు చించుకున్నాను. కొత్తవీ అదే వరస.

నవంబరు మధ్యలో సీజన్ మొదలైంది. రెండు వారాంతాలు చెట్టుకు కట్టిన మంచె మీద కూర్చున్నాం, ఒక్క జింకా రాలేదు. కెమెరా పనిచేస్తోందో లేదో చూసొస్తానని నేను మధ్యలో రెండు మూడు సార్లు దిగాను. 

థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన శనివారం అమ్మాయి నిద్రొస్తోందంటే ఒక్కణ్ణే వెళ్లాను. పెద్దాయన నా పక్కన నిలబడి ముక్కు ఎగబీల్చాడు. నీ జాకెట్ భలే ఘుమఘుమలాడుతోంది, నిన్న చేపలు వేయించారా అని అడిగాడు.

వేయించాం. ప్రతి శుక్రవారం వేయిస్తాం. ఇల్లంతా వాసన పట్టకూడదని వేపుళ్లకీ తాలింపులకీ గరాజ్‌లో వేరే స్టవ్ పెట్టుకున్నాం, మా వీధిలో తెలుగువాళ్లందరిలాగే. వేట జాకెట్లు బురదగా ఉంటాయని వాటినీ ఆ స్టవ్ పక్కనే తగిలించేవాణ్ణి. ఇల్లు వాసన రాకుండా కాపాడుకుని, ఆ వాసనంతా మోసుకెళ్లి వారం వారం అడవికి పూశాను.

"నువ్వొచ్చి వెళ్లాక ఆ వాసనకు మూడు రోజులు జింకలు ఈ ఛాయలకు రావు. కెమెరాలు సరిగ్గానే చెప్పాయి," అన్నాడు పెద్దాయన. ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి ఈసారి కస్టమర్ సర్వీస్ కూడా లేదు.

ఇంటికొచ్చి రెండు జాకెట్లూ వాసనలేని సబ్బుతో రెండుసార్లు ఉతికాను. "రేపే సీజన్ లాస్ట్ డే. కెమెరాల జోలికి పోను, ఒట్టు. పొద్దున్నే వెళ్దాం," అన్నాను అమ్మాయితో.

అది ఫోన్ చేతిలోకి తీసుకుంది. "నా ఫస్ట్ డీర్ అయిపోయింది నాన్నా. నిన్న మార్నింగ్ ఫ్రెండ్ వాళ్లతో వేటకెళ్లా. వాళ్ల జాకెట్టే ఇచ్చారు. నువ్వు ఫీల్ అవుతావని చెప్పలేదు."

నిన్న స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటే షాపింగ్‌కి అనుకున్నాను. ఏదో ఒకటి అనాలి. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "వాళ్లది ఏ కెమెరా?"

"కెమెరా లేదు. త్రీ అవర్స్ వాళ్ల డాడ్ నా పక్కన కూర్చున్నాడు, అంతే."

ఫోన్‌లో ఫొటో చూపించింది. మంచులో జింక, దాని వెనక మోకాళ్ల మీద మా అమ్మాయి, నేనెప్పుడూ చూడనంత నవ్వు. అమ్మాయి భుజం మీద ఆ స్నేహితురాలి తండ్రి చెయ్యి. అక్కడ ఉండాల్సింది నేను.