పచ్చరంగు కింద

విదేశాల్లో వాడి వదిలేసిన యంత్రాలు ఆ షెడ్డుకు ఓడల మీద వచ్చేవి. తుప్పు గీకి, లప్పం పెట్టి, పచ్చరంగు కొట్టడం పెయింటరు పని. ముసలి యంత్రానికి పెళ్లికళ తెస్తాడని అందరూ అంటే లోలోపల పొంగిపోయేవాడు. వాటి మీది స్టిక్కర్లు ఎవరికీ చదవడం రాదు, వాటి మీదే కొట్టేయమని యజమాని చెప్పాడు. పదకొండేళ్లు అలాగే కొట్టాడు.

అలాంటి యంత్రమొకటి రబ్బరు షీట్ల ఫ్యాక్టరీకి వెళ్లింది. దాని మీద పనిచేసేది అతని బావమరిదే. ఆ ఉద్యోగం పెట్టించింది కూడా పెయింటరే. ఒక మధ్యాహ్నం ఇరుక్కున్న షీటును లాగబోతే, రోలర్లు కుడిచేతిని మోచేతి దాకా లాక్కున్నాయి.

వారం తర్వాత పెయింటరు వెళ్లి ఆ యంత్రాన్ని చూశాడు. రోలర్ల పైన పచ్చరంగు పెచ్చులూడి, లోపల ఎరుపు కనపడింది. గోటితో గీకితే ఒక జపాన్ అక్షరం తేలింది: 危. దాన్ని అట్టముక్క మీద గీసుకుని, ఆ భాష నేర్పే టీచరమ్మ దగ్గరికి పట్టుకెళ్లాడు.

ప్రమాదం అని దాని అర్థమంది ఆవిడ. మరో అక్షరంతో కలిస్తే 'కి' అని పలుకుతారు. ఎవరినైనా హెచ్చరించేటప్పుడు దీనితోనే 'అబునాయ్' అంటారు. తర్వాత పెన్సిలుతో విడదీసి చూపించింది.

"పైన ఉన్నది వంగిన మనిషి. మధ్యలో కొండ అంచు. కింద ముడుచుకుని కూర్చున్న ఇంకో మనిషి."

ఈ ఒక్క అక్షరమే ఎందుకని ఆవిడ అడిగితే, జరిగింది చెప్పాడు. ఆవిడ పెన్సిలు అతని చేతికిచ్చి, చివరి గీత ఎక్కడ ఒంపు తిరగాలో చూపించింది. ఆరు గీతలూ చెయ్యి తిరిగేదాకా అతను అక్కడే కూర్చుని రాశాడు.

తమ్ముడికి చెప్పొద్దని భార్య బతిమాలింది. వాడికి బావంటే ప్రాణం, ఆ ఒక్క తోడూ దూరం చెయ్యకంది. అయినా మనసొప్పక వెళ్లాడు. బావమరిది ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"కనపడినా నాకు చదవడం రాదుగా, బావా."

"ఎర్రగా ఉండేదిరా. చదవడం రాకపోయినా ఆగేవాడివి."

గుండీ మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఇంకా ఎన్నింటి మీద కొట్టావు?"

పెయింటరు దగ్గర లెక్క లేదు.

మర్నాడు యంత్రాలు ఎక్కడెక్కడికి వెళ్లాయో చెప్పమని యజమానిని అడిగాడు. చెప్పలేదు సరికదా, పనిలోంచి తీసేశాడు. గుర్తున్న ఫ్యాక్టరీలన్నీ ఒక్కడే కాళ్లరిగేలా తిరిగాడు. చాలాచోట్ల గేటు దగ్గరే తిప్పి పంపేశారు. రానిచ్చిన ఏడు చోట్లా రంగు గీకి, అక్షరం బయటపెట్టి, కింద అందరికీ అర్థమయ్యేలా 'చెయ్యి పెట్టకండి' అని రాశాడు. ఆరో చోట, అతను వంగి రాస్తుంటే, యంత్రం దగ్గరున్న ఆడమనిషి రెండు వేళ్లు లేని చేత్తో రంగు డబ్బా పట్టుకుని నిలబడింది.

బావమరిది ఇప్పటికీ అక్క దగ్గరికి వస్తాడు. పెయింటరు ఇంట్లో లేని వేళ చూసుకుని వస్తాడు.