కనకయ్య కర్ర కొలత

నిరుడు వానాకాలం, ఒక శనివారం. సిద్దిపేటలో నేను పనిచేసే సంతాన సాఫల్య కేంద్రం, రెండో అంతస్తులోని ల్యాబ్. ఆ రోజు అక్కడున్నవి: కొద్దికొద్దిగా చల్లబరిచే ఫ్రీజర్ ఒకటి, ద్రవ నైట్రోజన్ నింపిన కొత్త స్టీలు ట్యాంకు ఒకటి, మూలన ఖాళీగా ఉన్న పాత చిన్న అల్యూమినియం నైట్రోజన్ డబ్బా ఒకటి, నలభై ఒక్క అంశాల నా చెక్‌లిస్టు. ఉన్నవాళ్ళు: లోపల నేను, అద్దానికి అవతల బెంచీ మీద మిరుదొడ్డి నుంచి వచ్చిన కనకయ్య, ఆయన తల్లి ఎల్లవ్వ, కింది వార్డులో కనకయ్య కూతురు శ్రావణి, ఇరవై ఏళ్ళు.

శ్రావణికి లింఫోమా, అంటే లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్. సోమవారం హైదరాబాదులో కీమోథెరపీ మొదలు. జబ్బు నయమవుతుందన్నారు, కాని ఆ మందుల ధాటికి అండాశయాలు పనిచేయకుండా పోవచ్చన్నారు. అండాలను పెంచి తీయాలంటే రెండు వారాలు పడుతుంది. ఆమెకున్నది రెండు రోజులు. అందుకని ఆ ఉదయం డాక్టరమ్మ లాపరోస్కోపీతో ఒక అండాశయంలో కొంత భాగం తీశారు. దాని పైపొరలోనే అండాలుంటాయి. ఆ పొరను పలచని ముక్కలుగా కోసి గడ్డకట్టించి దాచడం నా పని. ఒవేరియన్ టిష్యూ క్రయోప్రిజర్వేషన్ అంటారు. చికిత్స అయిపోయాక, పిల్లలు కావాలనుకున్నప్పుడు కరిగించి మళ్ళీ లోపల అతికిస్తారు. మా దగ్గర ఇది మొదటి కేసు. పాడైతే మళ్ళీ తీసే వ్యవధి లేదు.

కుటుంబానికి వివరించడం చెక్‌లిస్టులో నాలుగో అంశం. "మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల ద్రవ నైట్రోజన్, అంటే ఎంత చల్లగా ఉంటుందంటే..." అని మొదలుపెట్టాను.

కనకయ్య మర్యాదగా ఆపాడు. "ఎర్కే సార్. ఇరవై ఏండ్ల సంది మోస్తున్న."

ఆయన గోపాలమిత్ర. ఊరూరా తిరిగి ఆవులకూ బర్రెలకూ కృత్రిమ గర్భధారణ చేస్తాడు. ఆంబోతు వీర్యం నింపిన సన్నటి గొట్టాలు నైట్రోజన్ డబ్బాలో, డబ్బా బండి వెనక. ముక్కలు దాచే సీసాల మీద వేసే ఆరంకెల నంబరు చూపిస్తే పెదవి విరిచాడు. "గింతేనా సార్? మా బర్ల చెవి ట్యాగులకు పన్నెండంకెలుంటయ్."

ఎల్లవ్వ చూపు మాత్రం మూలనున్న చిన్న డబ్బా మీద పడింది. "గది బర్ల డబ్బ గాదురా? నా మనుమరాలిది గండ్ల వెడ్తరా?"

"లేదమ్మా, అది వాడం. ఇది కొత్త ట్యాంకు, డిజిటల్. లోపల నైట్రోజన్ ఎంతుందో అదే చూపిస్తుంది" అన్నాను. గొంతులో కొంత గర్వం కూడా ఉండే ఉంటుంది.

"గట్ల చెప్పు బిడ్డా."

పద్నాలుగు ముక్కలు వచ్చాయి. ఒక్కో ముక్క ఒక్కో సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాను. అక్కడ మెల్లగా గడ్డకట్టగానే వాటిని నైట్రోజన్‌లోకి దించాలి. అది పూర్తికావడానికి ఇంకా నలభై నిమిషాలుందనగా కనకయ్య అద్దం మీద కొట్టాడు.

"సార్, గా ట్యాంకు మెడ సుట్టు తెల్లగ మంచు వట్టింది. మంచిగ లేదది."

"చల్లటి వస్తువు కదా, మంచు పడుతుందన్నా."

"సల్లదనం లోపటుండాలె సార్, బయట గాదు. రెండు గోడల నడుమ గాలి లేకుంట జేస్తరు గదా. గాలి సొచ్చిందనుకో, గిట్లనే అయితది. ఇయ్యాల తెర మీద ఎంతున్నది?"

"ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు."

"నిన్న?"

"ఇరవై ఎనిమిదే."

"ఎప్పుడు సూసినా ఆవిరై ఎగిరిపొయ్యేదానికి రెండు దినాలు ఒక్కటే లెక్క ఎట్లుంటది?"

ఎమ్మెస్సీలో నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.

"కర్రతోని సూడున్రి" అన్నాడు. పొడి కర్రను ట్యాంకు అడుగుదాకా దింపి, కాసేపు ఉంచి, తీసి గాలిలో ఊపితే ఎంతవరకు తడిసిందో అంతవరకు మంచు పడుతుంది. అదే మట్టం. మా ల్యాబ్‌లో కర్ర లేదు. ఆయన బండి డిక్కీలో ఉంది. దాన్ని శుభ్రం చేయించి, ఆయనకు గౌను తొడిగించి లోపలికి పిలిచాను. ఆయన టోపీ అనుకుని తలకు పెట్టుకొచ్చింది బూట్ల తొడుగు. చెప్పే సమయం లేదు.

మంచు తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర ఆగింది. నైట్రోజన్ బండి సోమవారం గాని రాదు. "అందాక గీ ట్యాంకుల ఆగదు సార్, మిగిలింది గా సిన్న డబ్బల వోద్దాం" అన్నాడు కనకయ్య. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "ఆయన చెప్పినట్టు చెయ్యి" అన్నారు.

ఆవిరి బయటికి పోయేలా తలుపులు బార్లా తెరిచి, చేతులకు మందపాటి గ్లవుజులు వేసుకుని, ట్యాంకులో మిగిలినది ఇద్దరం చిన్న డబ్బాలోకి వంచడం మొదలుపెట్టాం. నేను తొందరపడ్డాను. పొగ కమ్మేసింది.

"నిమ్మలం సార్, నిమ్మలం. ఏడిగున్న డబ్బల ఒక్కపారే పోస్తె అంత పొగైతది. జరంత పోసి ఆగాలె. అదే సల్లవడ్తది."

ఆగి ఆగి పోశాం. చిన్న డబ్బా మెడదాకా నిండింది. ఫ్రీజర్ కూత పెట్టడానికి ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి. కూత పెట్టగానే పద్నాలుగు సీసాలూ డబ్బాలోకి దిగాయి.

అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్న ఎల్లవ్వ తలుపు దగ్గరికి వచ్చింది. "ఆఖరికి బర్ల డబ్బల్నే వెట్టిన్రు."

"అవ్వా, మిరుదొడ్డిల గసొంటి డబ్బలకెల్లి ఎన్ని దూడలు వుట్టినయో ఎర్కేనా?" అన్నాడు కనకయ్య. "ఒక్కటన్న ఖరాబైందా?"

ఎల్లవ్వ ఆలోచించింది. "మల్లయ్యోళ్ళది కుంటిది గాదు?"

"దానికి ట్రాక్టర్ తగిలిందే."

సాయంత్రం వార్డుకు వెళ్ళాను. శ్రావణి మెల్లగా అడిగింది. "సార్, మంచిగ వెట్టిన్రా?"

"పెట్టాం."

"నాయిన లోపటికొచ్చిండా?"

"వచ్చాడు."

"అయితే ఉంటయ్ తియ్. నా చెవికి మాత్రం ట్యాగ్ ఎయ్యనియ్యకున్రి."

ఆ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే: యంత్రం చూపిన అంకెను రాసుకోవడం వేరు, కొలవడం వేరు. చెక్‌లిస్టులో ఇప్పుడు నలభై రెండో అంశం ఉంది. కర్ర కొలత, రోజూ ఉదయం. శ్రావణి కీమో పూర్తయింది, మళ్ళీ కాలేజీకి పోతోంది. ఆ ముక్కలతో ఆమెకు ఇప్పట్లో పనిలేదు. పాడైన ట్యాంకు బదులు కంపెనీ వేరేది పంపింది గాని, వాటిని అందులోకి మార్చవద్దని ఎల్లవ్వ కబురు పెట్టింది. చిన్న డబ్బాలోనే ఉంచాం.

ఈ ఉదయం కర్ర కొలత పంతొమ్మిది సెంటీమీటర్లు. ముక్కలు పద్నాలుగు.