కాళ్ళు చూసి కాలం చెప్పే పరీక్ష

ఎనభైల మొదట్లో మేం వర్జీనియాలో ఉండేవాళ్ళం. పొద్దున్నే మావారు ఆఫీసుకి, నేను కిటికీ దగ్గరికి. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని, ఉద్యోగం చెయ్యకూడదు. రెండేళ్ళు అలా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాక, మా వీధి చివర పాత బంగళా మ్యూజియంలో జీతం లేని గైడ్లు కావాలన్న బోర్డు కనిపించింది. ఎగిరి గంతేశాను. జీతం ఎవరిక్కావాలి, మాట్లాడ్డానికి మనుషులుంటే చాలు!

పరీక్ష ఉందన్నారు. రెండు మూడు వందల ఏళ్ళనాటి కుర్చీలూ బల్లలూ చూసి, ఏది ఏ కాలానిదో చెప్పాలి. పాసైతే తెల్లటి నూలు గ్లౌజులిస్తారు. అవి తొడుక్కోకుండా ఆ సామాను ముట్టుకోవడానికి వీల్లేదు.

లైబ్రరీ నుంచి పుస్తకాలు మోసుకొచ్చాను. కిటుకంతా కాళ్ళలోనే ఉందట. మొదట్లో కుర్చీ కాళ్ళు కర్రల్లా నిటారు. తర్వాత లేడి కాళ్ళలా వంపు తిరిగాయి. ఆపైన పాదాలకి గోళ్ళు మొలిచి, ఒక్కో పాదం ఒక్కో బంతిని పట్టుకుంది. తర్వాతి తరానికి ఆ ఆర్భాటం మొహం మొత్తి, కిందికి పోనుపోను సన్నబడే కాళ్ళు పెట్టారు. వాళ్ళ మనవలకి మళ్ళీ ఒళ్ళంతా చెక్కడాలు, బొద్దు దిండ్లు, కాళ్ళకింద చక్రాలు! మా ఇంట్లో ఉన్నది ఒక్క బీన్‌బ్యాగ్. దానికి కాళ్ళే లేవు.

ఇక నాకు పిచ్చి పట్టింది. ఓ డాక్టరుగారింటికి విందుకెళ్ళి, పట్టుచీరతో డైనింగ్ టేబుల్ కింద దూరాను.

"ఏం పడిపోయిందమ్మా, చెవి దిద్దా?" అంది ఇంటావిడ.

"కాదండీ, కాళ్ళు చూస్తున్నా."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

"పరువు తీశావు కదే!" అన్నారు మావారు కారెక్కగానే.

పరీక్ష రోజు మ్యూజియం తరఫున ఓ డెబ్భై ఏళ్ళ పెద్దావిడ ముందు నడుస్తూ వేలు చూపించడం, నేను గడగడా అప్పజెప్పడం. ఒక్కటీ తప్పు పోలేదు! ఆ ఊపులో గిర్రున తిరిగేసరికి, నా చెప్పు వెళ్ళి ఓ గోళ్ళపాదం కుర్చీకి ఠక్కున తగిలింది. అంతే. ఆలోచనే లేదు. వంగి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

ఉత్త చేతులతో! అదీ పరీక్షలో! అయిపోయింది, మళ్ళీ కిటికీయే గతి అనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

"ఏం చేశావిప్పుడు?" అందావిడ.

"కాలు తగిలిందండీ. మాలో అలా తగిలితే దణ్ణం పెట్టుకుంటాం."

"కుర్చీకా?"

"పెద్దవాళ్ళకి తప్పకుండా పెట్టాలండీ. ఇది మీ తాతగారికంటే పెద్దది కదా!"

ఆవిడ కుర్చీ వైపు చూసింది, నా వైపు చూసింది. "దీన్ని ఎవరో ఒకరు తన్నని రోజు లేదు. ఇన్నేళ్ళలో సారీ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు," అంటూ సొరుగు లాగి, తెల్ల గ్లౌజులు తీసి నా చేతిలో పెట్టింది. "ఇకమీదట నీ దణ్ణాలు ఇవి తొడుక్కుని పెట్టు."

ఆగస్టు ఎండలో గేటు దగ్గర నిలబడ్డాను. మావారు కారాపి కంగారుగా దిగారు.

"ఏమిటే ఆ చేతులు? కాల్చుకున్నావా?"

నేను రెండు చేతులూ పైకెత్తి ఊపాను. ఆ పూట ఉప్మా ఆయనే చేశారు. గ్లౌజులు తియ్యనంటే తియ్యనన్నాను, ఆయనే తినిపించారు.