గింజ వదలని పత్తి

ఈ ఉదయం ఆరూ నలభైకి ఆటో కోసం నిలబడి ఉండగా పత్తి లారీ ఒకటి పక్కనుంచి వెళ్లింది. గాలికి లేచిన పత్తి పీచు నా కళ్లద్దాలకు అంటుకుంది. తీసి వేళ్ల మధ్య నలిపితే లోపల గింజ తగిలింది. మస్తాన్ మాస్టారు పోయి నెల అయింది.

ఆయనది దర్శి దగ్గర పత్తి పండించే కుటుంబం. బ్రాడీపేటలో ఒక మేడమీది గదిలో, గ్రూప్స్ పరీక్షలకు చదివే మాకు ప్రపంచ చరిత్ర చెప్పేవారు. అమెరికా పాఠం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద సముద్రం పక్కన సన్నటి పట్టీ గీశారు. ఇంగ్లండ్ రాజు మీద తిరగబడి విడిపోయిన దేశం అప్పటికి అంతే. ఆ తర్వాత రోజూ పడమటి గీతను అరచేత్తో చెరిపి, ఇంకాస్త అవతల గీసేవారు.

"గీత అవతల ఏముందమ్మా?" అని నన్ను అడిగారు.

"ఖాళీ నేలండీ," అన్నాను. నేను చదివిన గైడులో అలాగే ఉంది.

"పక్క చేనువాడు దున్నేటప్పుడు గట్టు జరిపితే మీ నాన్న ఊరుకుంటాడా?"

"ఊరుకోడండీ. కర్ర తీస్తాడు."

"అక్కడా కర్ర తీసినవాళ్లున్నారు. వాళ్ల పేర్లు వెతుకు."

వెతికాను. ఒక్కో తెగ పేరు దొరికినకొద్దీ ఆ పటంలో ఖాళీ తగ్గుతూ వచ్చింది. పరీక్షకు సంబంధం లేకుండా ఒక విషయం తెలుసుకోవాలనిపించడం నాకు అదే మొదలు.

కోచింగ్ సెంటర్ నడిపే ఆయనకు ఇది నచ్చలేదు. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి మా ముందే అన్నాడు: "మాస్టారూ, ఇందులోంచి రెండు బిట్లు కూడా రావు. సోమవారంతో అమెరికా అయిపోవాలి. లేకపోతే వేరే ఆయన్ని చూసుకుంటా."

"అలాగేనండీ," అన్నారు మాస్టారు. ఆ జీతం మీదే ఆయన ఇల్లు నడుస్తోందని మా అందరికీ తెలుసు.

సోమవారం ఆయన సంచి నిండా పత్తి తెచ్చారు. తలా గుప్పెడు ఇచ్చి గింజలు తీయమన్నారు. మాలో చాలామందిమి చేలో పత్తి తీసినవాళ్లమే గాని, చేత్తో గింజ వేరు చేసినవాళ్లం కాదు. పీచు ఎంత లాగినా గింజను వదలదు. వెనక బెంచీ శ్రీను, "ఉద్యోగం వస్తుందని వస్తే మిల్లులో పెట్టేట్టున్నారేంటి సార్," అన్నాడు. మాస్టారు కూడా నవ్వారు.

"ఈ పనికి యంత్రం వచ్చింది. ఏమైంది?"

"పని తగ్గిందండీ," అన్నాడు శ్రీను.

"ఎవరికి?"

ఆయనే చెప్పారు. యంత్రం వచ్చాక ఇంకా పత్తి కావాలన్నారు, దానికి ఇంకా నేల, ఆ నేల మీద పని చేయడానికి ఇంకా బానిసలు. చివరికి ఆ దేశం రెండుగా చీలి తనలో తాను యుద్ధం చేసుకుంది. అక్కడి ఓడలు ఆగిపోయాక ఇంగ్లండ్ మిల్లులు పత్తి కోసం ఎటు చూశాయని అడిగారు.

"మనవైపా సార్?" అన్నాడు శ్రీను. ఈసారి అతను నవ్వలేదు.

యుద్ధం ముగియకుండానే గంట అయిపోయింది. మంగళవారం వేరే మాస్టారు వచ్చారు. మస్తాన్ మాస్టారు దర్శి వెళ్లిపోయి సేద్యం చేసుకున్నారు. ఆ సోమవారం గురించి ఎప్పుడైనా బాధపడ్డారా అని చాలాకాలం తర్వాత ఫోనులో అడిగాను. "ఆ పేర్లు ఇంకేమైనా దొరికాయా అమ్మా?" అన్నారు.

ఇప్పటికీ ఏ పటం చూసినా గీత అవతల ఎవరున్నారని వెతుకుతాను. ఈ ఉదయం ఆటో ఆ గది కిందనుంచే వెళ్లింది. అక్కడ పాఠాలు ఇప్పుడు తెర మీద వస్తాయి. పటాన్ని అరచేత్తో చెరిపి మళ్లీ ఎవరూ గీయరు.