కొసరు గంపలో వచ్చిన పురుగు

దారి పక్కన ఊరికే దొరికే పురుగును బేరమాడి, డబ్బిచ్చి కొని, బండి కట్టించుకొని మా ఊరికి మోసుకొచ్చిన మొనగాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. దానికి కొసరు కూడా సాధించాను. ఆ ఘనత నాకు పోటీ లేనిది.

మాది నల్లమల అంచున, ఆత్మకూరు పక్క ఊరు. తాత కాలం నుంచి అంగడే మా బతుకు. ఆ ఏడు నాగజెముడు కమ్మేసిన ఒక చేను కారుచౌకగా వస్తే కొన్నాను. కొన్నాక తెలిసింది, దాన్ని నరకడానికి కూలీలెవరూ రారని. ముళ్ళ సంగతి అటుంచి, తెగిన మట్ట పడినచోటే వేరు పోసుకొని మళ్ళీ లేస్తుంది. ఇంతలో కడప వైపు జెముడును తినేసే తెల్ల పురుగు ఒకటి వచ్చిందని అంగట్లో చెప్పుకున్నారు. పురుగు పట్టిన మట్టను మంచి చెట్టుకు తగిలిస్తే చాలునట.

నా చేనుకూ, ఒక ముసలి గొర్రెల కాపరి దొడ్డికీ మధ్య ఒక్క బండిబాట అడ్డం. ఆయన దొడ్డికి గోడ లేదు. చుట్టూ జెముడే కంచె. వాకిట్లో ఒక జెముడు రెండు నిలువుల ఎత్తు చెట్టై నిలబడి ఉండేది. మొదలు చేవదేరి మాను లాగా ఉండేది. ఎండాకాలం దాని నిండా ఎర్రటి పండ్లు. వాటిని గోనెపట్టాలో దొర్లించి, నూగుముళ్ళు పోయాక, ఆయన మనవళ్ళు నోరంతా ఎర్రగా చేసుకొని తినేవాళ్ళు. కరువు ఏడు ఊరంతా వాటికోసం ఆయన వాకిట నిలబడింది. అడవి నుంచి చిరుత దిగినా ఆ కంచె చూసి వెనక్కి తిరిగేది.

నా సంగతి విని ముసలాయన అంగడికి వచ్చాడు.

"శెట్టీ, పురుగు తెస్తాండావంట?"

"తెస్తాండా మామా. కూలీ లేదు, కొడవలి లేదు. అదే తిని పోతాది."

"యాడికి పోతాది?"

"దాని అత్తగారింటికి."

ఆయన నవ్వలేదు. "నీ చేను తిన్నాంక కూడా దానికి ఆకలుంటే? ఆ కంచె లేకుంటే నా జీవాలు ఒక్క రాత్రి నిలవవప్పా."

"నా చేలో బాట పక్క వరుస జోలికి పోను. ఆడ ఒక్క మట్ట కూడా తగిలించను, సరేనా?"

"చేతిలో చెయ్యెయ్యి."

వేశాను.

కడప వైపు ఊళ్ళో ఒక రైతు తన చేను చూపించాడు. మట్టల మీద ఏకిన దూది అంటించినట్టుంది. వేలితో నొక్కితే రక్తం లాంటి ఎరుపు. "గంప ఎంత?" అన్నాను. ఆయన వింతగా చూశాడు. "దీనికి కూడా ధర ఉంటాదా?" అప్పుడు నోరు మూసుకొని ఉంటే ఊరికే వచ్చేది. కానీ ఊరికే ఇచ్చిన సరుకుకు కొసరు అడగలేం కదా! అందుకే ధర చెప్పమని పట్టుబట్టాను. ఆయన రూపాయి అన్నాడు, నేను అర్ధరూపాయికి దించాను.

"కొసరు?"

"కొసరు కూడానా! ఇంకో గంప తీసుకో పో. ఈ సరుకు తరిగేదా యాడన్నా?"

తిరుగుదారిలో ఒకటి రెండు మైళ్ళ దాకా కంచెల మీద అదే తెలుపు, అడిగేవాడు లేడు. బండివాడు నన్ను చూసి దగ్గుతున్నట్టు నవ్వాడు.

మొదటి గంపే నా చేనంతటికీ సరిపోయింది. కొసరు గంప మిగిలింది. మట్ట వాడిపోతే పురుగు చస్తుంది. కొసరును పారేసినవాడు మా ఇంట్లో ఎవడూ లేడు. తగిలించనిది బాట పక్క వరుస ఒక్కటే. చుట్టూ ఒకసారి చూసి, తగిలించాను.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. తర్వాత నా చేను తెల్లబడింది, మట్టలు వంగి కుళ్ళి కారాయి. ఊరి గాలికి ఆ వాసన పట్టుకుంది. ఒకరోజు ముసలాయన వచ్చి బొటనవేలు చూపించాడు. వేలు ఎర్రగా ఉంది.

"ఇది నీదే కదా?"

"గాలికొచ్చింటాది మామా."

ఆయన నా మొహం వైపు చూసి వెళ్ళిపోయాడు. మనవళ్ళతో కలిసి చీపురుతో గీకాడు, పొగ పెట్టాడు, బూడిద నీళ్ళు చల్లాడు. ఒకచోట గీకితే ఇంకోచోట లేచింది. వాకిట్లో ఉన్న పెద్ద చెట్టు ఆకు కదలని మధ్యాహ్నం తనంతట తానే కూలింది. కొత్త కంచె కోసం ముసలాయన తుమ్మ కంపకు అడవికి పోతే ఫారెస్టు గార్డు కొడవలి లాక్కున్నాడు. దొరికిన నాలుగు కంపలే అడ్డం వేసుకున్నాడు. ఆయన కుక్క కూడు ముట్టడం మానేసింది. పొద్దున్నే దొడ్డి చుట్టూ చిరుత అడుగులు కనిపించేవి, ప్రతిరోజూ ఇంకాస్త దగ్గరగా. అయినా నేను నా చేను దున్నించే పనిలో పడ్డాను.

ఒక ఉదయం ఆయన అంగడి ముందు నిలబడ్డాడు. పంచె అంచు నెత్తుటితో తడిసి ఉంది. నా నోటికి వచ్చింది అంగడి మాటే.

"ఎన్ని?"

"పోయినవి ఎందుకు అడుగుతావప్పా? మిగిలినవి అడుగు. చెప్పేది శానా తక్కువ."

ఇక లెక్క. పురుగుకు అర్ధరూపాయి, బండి బాడుగ, దారిలో తిండి. మరుసటి ఏడు వేసిన వేరుశనగ ఒక్క పంటకే చేను ఖరీదు సహా అంతా రాబట్టింది. నాకు నష్టం కాణీ లేదు. ఎప్పటికైనా ఆ పురుగు వచ్చేదేనని అంటారు. నిజమే, చుట్టుపక్కల ఊళ్ళకు తర్వాత దానంతట అదే వచ్చింది. అక్కడి కాపరులు అది పాకి రావడం ముందే చూసి, నాపరాళ్ళు నిలబెట్టి దొడ్లు కట్టుకున్నారు. మా ముసలాయనకు ఆ వ్యవధి లేదు. మిగిలిన జీవాలను అమ్మి, మనవళ్ళను వెంటబెట్టుకొని, బేతంచెర్ల రాతిగనుల్లో కూలికి పోయాడు. లాభం మొత్తం నాకు వచ్చింది, ఖర్చు మొత్తం ఆయన కట్టాడు.